పద్నాలుగు అక్షరాల్లో దాచిన సూత్రం
ఎఫ్ ఈక్వల్స్ కేఎక్స్... ఇంటర్వ్యూలో టకటకా చెప్పేస్తాం కదా, అది రాబర్ట్ హుక్‌ది. 1635లో ఇంగ్లండ్‌లో పుట్టాడు. 1662లో లండన్ రాయల్ సొసైటీలో ప్రయోగాలు చేసి చూపించే పనిలో చేరాడు. మొదట్లో జీతం లేదు (మన అన్‌పెయిడ్ ఇంటర్న్‌షిప్పే!).

1675లో హైగెన్స్ స్ప్రింగ్‌తో టైమ్ తప్పకుండా నడిచే గడియారం ప్రకటించాడు. ఆ ఆలోచన ముందు నాదేనని హుక్ గొడవకు దిగాడు. కానీ దాని వివరాలు అచ్చులో వేయలేదు. దాంతో 1676లో తన స్ప్రింగ్ సూత్రాన్ని పద్నాలుగు లాటిన్ అక్షరాలుగా కలగాపులగం చేసి పుస్తకం చివర వేశాడు. సూత్రం దాగింది, తేదీ మాత్రం రికార్డయింది. 1678లో విప్పి చెప్పాడు: బరువు రెట్టింపైతే స్ప్రింగ్ సాగడమూ రెట్టింపు, నొక్కినా అంతే. మరీ లాగితే మాత్రం ఈ లెక్క తప్పుతుంది.

1703లో చనిపోయాడు. ఆయన చేతిరాత మినిట్స్ 2006లో ఒక ఇంటి అల్మారాలో బయటపడ్డాయి. ఆ గడియారం మాట 1670 నాటి పేజీలోనే ఉంది.