ఆగిపోయిన ఆటలో ఎవరి వాటా ఎంత?

కొన్నేళ్ల క్రితం ఒక ఆదివారం ఆరాధన ముగిశాక, ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న అమ్మాయి ఒకరు లెక్కల పుస్తకం పట్టుకుని మా దగ్గరికి వచ్చింది. వాళ్లింట్లోకి పేకముక్క ఎన్నడూ అడుగు పెట్టలేదు. పుస్తకంలో చూస్తే 52 పేకముక్కల కట్టలోంచి రెండు తీస్తే రెండూ రాజులయ్యే సంభావ్యత ఎంత, రెండు పాచికలు దొర్లిస్తే మొత్తం తొమ్మిది వచ్చే సంభావ్యత ఎంత అని ప్రశ్నలు. రాజులు ఎన్ని ఉంటారో కూడా ఆ పిల్లకు తెలియదు. విశ్వాసి బిడ్డ ఈ లెక్కలు చేయవచ్చా అన్నది ఆమె సందేహం. దాని వెనక ఇంకా పెద్ద సందేహం ఉంది. అంతా దేవుని చిత్తప్రకారమే జరుగుతుంటే సంభావ్యత అనే మాటకు చోటెక్కడ? మేము లెక్కలకు దణ్ణం పెట్టి సెమినరీకి వెళ్లినవాళ్లం. పరీక్ష కోసమే కదా చేసెయ్యమ్మా అని చెప్పి, ప్రార్థన చేసి పంపేశాం. అది జవాబు కాదని మాకూ తెలుసు. ఈ లెక్కలకు పునాది వేసినవారిలో ఒకరైన బ్లెయిజ్ పాస్కల్ జీవితాన్ని ఆమెకు చెప్పి ఉండాల్సిందని చాలా ఆలస్యంగా తట్టింది.

పాస్కల్ 1623 జూన్ 19న ఫ్రాన్సు దేశంలోని క్లెర్మాంలో పుట్టాడు. మూడేళ్ల ప్రాయంలోనే తల్లిని పోగొట్టుకున్నాడు. తండ్రి ఎతియేన్ పన్నుల న్యాయస్థానంలో అధికారి. కొడుకు ముందు గ్రీకు, లాటిన్ నేర్వాలని లెక్కల పుస్తకాలు దాచిపెట్టాడట. పన్నెండేళ్ల పిల్లవాడు బొగ్గు ముక్కతో నేల మీద గీతలు గీసుకుంటూ, త్రిభుజంలోని మూడు కోణాలు కలిస్తే రెండు లంబకోణాలవుతాయని తనంతట తానే కనుక్కున్నాడని అక్క జిల్బెర్త్ రాసింది. పందొమ్మిదో ఏట, పన్నుల లెక్కలతో రాత్రులు గడిపే తండ్రి కోసం పళ్లచక్రాలతో కూడికలు చేసే యంత్రం మొదలుపెట్టాడు. 1646లో తండ్రి మంచు మీద జారి తుంటి విరగ్గొట్టుకుంటే, కట్టు కట్టడానికి వచ్చిన ఇద్దరు భక్తిపరులైన అన్నదమ్ముల ద్వారా ఆ ఇంట్లో కృపను గూర్చిన బోధ ప్రవేశించింది. పాస్కల్ మన సంఘాలవాడు కాడు, చివరిదాకా కాథలిక్కే. కానీ ఆయన ఆశ్రయించిన పోర్-రాయల్ వర్గం అగస్టీను బోధించిన కృపను ఎంత గట్టిగా పట్టుకుందంటే, ప్రత్యర్థులు వాళ్లను కాల్విను శిష్యులని నిందించేవారు.

తండ్రి 1651లో పోయాడు. మరుసటి ఏడు చెల్లెలు జాక్లీన్, అన్న వద్దంటున్నా వినకుండా, పోర్-రాయల్ మఠంలో చేరింది. ఒంటరి అయిన పాస్కల్ పారిస్ పెద్దమనుషుల సహవాసంలో పడ్డాడు. వారిలో షెవాలియర్ ద మేరే అనే ఆయనకు జూదం బాగా తెలుసు. ఒక పాచికను నాలుగుసార్లు వేస్తే ఒక్క ఆరైనా పడుతుందని పందెం కాస్తే లాభం, రెండు పాచికలను 24 సార్లు వేస్తే ఒక్కసారైనా జంట ఆర్లు పడతాయని కాస్తే నష్టం. ఆరులో నాలుగెంతో ముప్పై ఆరులో ఇరవై నాలుగూ అంతే కదా, మరి ఇదెందుకిలా అని ఆయన తికమక. మన ఇంటర్ పిల్లలు దీన్ని రెండు వరుసల్లో తేలుస్తారు. మొదటి పందెంలో గెలుపు నూటికి దాదాపు 51.8, రెండో దానిలో 49.1.

దానికంటే పాత చిక్కు ఇంకొకటి ఉంది. ఇద్దరు చెరి 32 పిస్టోలు, అంటే బంగారు నాణేలు, పెట్టి ఆడుతున్నారు. మూడు ఆటలు ముందు గెలిచినవాడికి మొత్తం 64. ఒకడు రెండు, ఇంకొకడు ఒకటి గెలిచాక ఆట ఆగిపోయింది. డబ్బు ఎలా పంచాలి? 1494లో అచ్చయిన పుస్తకంలో లూకా పచియోలి గెలిచిన ఆటల నిష్పత్తిలో పంచమన్నాడు. పాస్కల్ చూపు వేరు. అయిపోయినదాన్ని కాదు, రావలసినదాన్ని లెక్కించాలన్నాడు. తరువాతి ఆట మొదటివాడు గెలిస్తే 64 అతనివే. ఓడితే ఇద్దరూ సమానం, అతనికి 32. అంటే గెలిచినా ఓడినా 32 ఖాయం. మిగతా 32 ఎవరికైనా దక్కవచ్చు కాబట్టి అందులో సగం, 16. మొత్తం 48. రెండోవాడికి 16.

ఈ లెక్కను తూలూజ్ నగరంలో న్యాయాధికారిగా ఉన్న ఫెర్మాకు రాశాడు. 1654 వేసవి నుంచి ఇద్దరి మధ్య ఉత్తరాలు నడిచాయి. ఇద్దరూ ఎన్నడూ ముఖాముఖి కలుసుకోలేదు. ఫెర్మా దారి వేరు. మహా అయితే ఇంకో రెండు ఆటలు చాలు, వాటికి నాలుగు ఫలితాలు, మూడింటిలో మొదటివాడే నెగ్గుతాడు. 64లో ముప్పాతిక, మళ్లీ 48. మొదటి ఆటతోనే ముగిసిపోతే రెండోదాన్ని ఎందుకు లెక్కించాలని రొబెర్వాల్ అనే పండితుడు అడ్డు చెప్పాడు. తరగతి గదిలో పిల్లలు ఇప్పటికీ అడిగే ప్రశ్నే ఇది, అడిగినందుకు చిన్నబుచ్చకూడదు. లేని ఆటను ఊహించి ఆడినా డబ్బు చేతులు మారదు, నాలుగు ఫలితాలు మాత్రం సమాన బరువుతో ఎదుట నిలుస్తాయి. ఆటగాళ్లు ముగ్గురైతే ఫెర్మా పద్ధతి పనిచేయదని పాస్కల్ పొరబడ్డాడు. ఫెర్మా ఓపికగా వివరించాడు. అక్టోబరు 27న పాస్కల్ ఆ వివరణను మెచ్చుకుంటూ ఒప్పుకున్నాడు. యూరప్‌లోని మేధావుల్లో ఒకడు, ముప్పై ఒకటో ఏట, అలా ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. సెమినరీలో వాదించి గెలవడమే నేర్చుకున్న మాలాంటివాళ్లకు ఆ ఉత్తరం బాగా గుచ్చుకుంటుంది.

ఆ రోజుల్లోనే ఆయన సంఖ్యల త్రిభుజం మీద గ్రంథం రాశాడు. పై వరుసలోని పక్కపక్క సంఖ్యలను కూడితే కింది సంఖ్య వస్తుంది. సంయోగాలన్నీ, ద్విపద గుణకాలన్నీ అందులో ఉంటాయి. అది ఆయన కనిపెట్టింది కాదు. పింగళుని ఛందస్సుకు పదో శతాబ్దంలో వ్యాఖ్య రాసిన హలాయుధుడు గురులఘువుల లెక్క కోసం దాన్నే మేరు ప్రస్తారమన్నాడు. పాస్కల్ చేసింది దాన్ని పందెం వాటాలకు ముడిపెట్టడం.

నవంబరు 23 రాత్రి పదిన్నర నుంచి పన్నెండున్నర దాకా ఆయన గదిలో ఏదో జరిగింది. తత్వవేత్తల దేవుడు కాక, అబ్రాహాము ఇస్సాకు యాకోబుల దేవుడు తనను పట్టుకున్నాడని ఆయన గ్రహించాడు. ఆ తరువాత లెక్కలు పూర్తిగా మానలేదు, కానీ జీవితపు బరువు మరోవైపు మొగ్గింది. విశ్వాసాన్ని సమర్థిస్తూ గొప్ప గ్రంథం రాయాలనుకుని చీటీలు చీటీలుగా రాసుకున్నాడు. వాటిలో ఒకదాని మీద ఇప్పటికీ వాదనలు నడుస్తున్నాయి. దేవుడున్నాడో లేడో అనే పందెంలో ఎవరూ పక్కన కూర్చోలేరని, నిత్యజీవం లాభమైనప్పుడు ఎటు కాయాలో చూసుకోమని ఆయన వాదం. దీన్ని విడిగా ప్రసంగిస్తే విశ్వాసం లాటరీ టిక్కెట్టులా వినిపిస్తుంది. మాకూ ఆ ఇబ్బంది ఉంది. కానీ ఎదుట ఉన్నది జూదం తెలిసిన స్నేహితుడని అనుకుంటే అర్థం మారుతుంది. అతని భాషలోనే అతన్ని పిలుస్తున్నాడు. ఆట ముగియకముందే వాటా తేల్చుకోమంటున్నాడు.

ఆయన ఒళ్లు చిన్నప్పటి నుంచీ బలహీనమే. 1662 మార్చిలో పారిస్ వీధుల్లో అయిదు సోల ఛార్జీకి గుర్రపు బండ్లు నడిపించి, వచ్చే సొమ్ము బ్లువా ప్రాంతపు పేదలకు పంపాలని ఆరాటపడ్డాడు. తన ఇంట్లో చోటిచ్చిన ఒక పేద కుటుంబంలో పిల్లవాడికి మశూచి సోకింది. తనను చూడ వచ్చే అక్క ద్వారా ఆమె పిల్లలకు అంటుతుందన్న భయం వచ్చినప్పుడు, ఆ జబ్బు పిల్లవాణ్ని పంపించలేదు. తానే ఇల్లు విడిచి అక్క ఇంటికి వెళ్లాడు. ఆగస్టు 19న అక్కడే కన్నుమూశాడు. అప్పటికి ముప్పై తొమ్మిదేళ్లు.

ఆయన పోయాక కాగితాల మధ్య ఆ త్రిభుజ గ్రంథం ప్రతులు దొరికాయి. ఎప్పుడో 1654లోనే అచ్చు వేయించి, బయట పెట్టకుండా వదిలేశాడు. అది 1665లో లోకానికి చేరింది. చొక్కా లోపలి అస్తరులో ఏదో గట్టిగా తగిలితే పనివాడు విప్పి చూశాడు. మడత పెట్టిన తోలు కాగితం, నవంబరు 23 రాత్రి రాసుకున్నది. ఎనిమిదేళ్ల పాటు చొక్కా మార్చినప్పుడల్లా దాన్ని విప్పి, మళ్లీ కుట్టుకున్నట్టుంది. ఇంట్లో ఎవరికీ ఆ సంగతి తెలియదు.