పురుషోత్తమ చౌదరి

పురుషోత్తమ చౌదరి (1803 - 1890) తెలుగు క్రైస్తవ పదకవి, బోధకుడు, గ్రంథకర్త. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ఇతని కీర్తనలు అనేకం ఉన్నాయి. తెలుగులో క్రైస్తవ వేదాంతాన్ని దేశీయమైన పదజాలంతో, ఛందస్సుతో చెప్పిన తొలితరం వారిలో ముఖ్యుడు.

జననం, కుటుంబం

నాటి గంజాం జిల్లాలో, తర్లాకోట జమీనుకు చెందిన మదనాపురంలో, వంగదేశం నుండి వలస వచ్చిన బ్రాహ్మణ కుటుంబంలో జన్మించాడు. తండ్రి కూర్మనాథ చౌదరి, తల్లి సుభద్ర. తండ్రి పేరు శ్రీకూర్మ క్షేత్రాన్ని, తల్లి పేరు పూరీ జగన్నాథాలయాన్ని తలపించడం విశేషమే. ఈ రెండు క్షేత్రాల నడుమ భూమిలోనే ఇతని జీవితంలో అధికభాగం గడిచింది. అప్పట్లో శ్రీకాకుళం కూడ గంజాం జిల్లాలోనిదే. 1936లో ఒడిషా రాష్ట్రం ఏర్పడినపుడు ఈ జిల్లా విడిపోయింది. 1950లో శ్రీకాకుళం ప్రత్యేక జిల్లా అయింది.

మతాంతరం

విశాఖపట్నంలో లండన్ మిషనరీ సొసైటీ 1805లోనే పని ప్రారంభించింది. ఆనందరాయరు అనే బ్రాహ్మణుని సహాయంతో అక్కడ అనువదించిన మూడు సువార్తలు 1812లో శ్రీరామపురంలో అచ్చయ్యాయి. అంటే చౌదరి యువకుడయ్యేనాటికి తెలుగు క్రైస్తవ వాఙ్మయం కొద్దిగా ఉంది గాని, దానికి పండిత కవి లేడు. క్రైస్తవ కరపత్రాలు చదివి ఆలోచనలో పడిన ఇతడు, శ్రీకాకుళంలో క్రైస్తవ సేవ చేస్తున్న హెలెన్ నాట్ అనే మహిళను కలిసి సందేహాలు తీర్చుకొన్నాడు. 1833లో కటకంలో బాప్తిస్మం పొందాడు.

ఆ నిర్ణయం వెల తక్కువది కాదు. మతం మారినవాని ఆస్తిహక్కును కాపాడే చట్టం మద్రాసు రాజధానికి 1850లో గాని వర్తించలేదు. అంతవరకు కులభ్రష్టుడు పిత్రార్జితాన్ని సైతం కోల్పోవలసి వచ్చేది. ఇల్లు, బంధువులు, పంక్తిభోజనం, పెండ్లి సంబంధాలు అన్నీ ఒక్కసారిగా తెగిపోయేవి. భార్య రాధామణి తరువాత అతని మార్గంలోకే వచ్చింది.

సమాజంపై దృష్టి

క్రైస్తవులైనవారు కులాచారాన్ని పాటించవచ్చునా అన్నది ఆ కాలంలో పెద్ద వివాదం. తమిళదేశంలో లైప్‌జిగ్ లూథరన్ మిషన్ దానిని లోకాచారంగా సహించింది. మద్రాసులోని ఇతర మిషన్లు 1850లో సహించరాదని తీర్మానించాయి. ఈ ప్రశ్నను చౌదరి "కులాచార పరీక్ష" అనే గ్రంథంలో ఎత్తుకొన్నాడు. మానవులందరూ ఒకే మూలపురుషుని సంతతి అన్న క్రైస్తవ చరిత్రదృష్టికి, పుట్టుకతోనే అంతరాలు ఏర్పడ్డాయన్న వర్ణవ్యవస్థకు పొత్తు కుదరదు. వ్యవస్థలో పైమెట్టున పుట్టినవాడు ఈ పరీక్షకు పూనుకోవడం వల్ల గ్రంథానికి ప్రత్యేకత వచ్చింది.

రచనలు

"నిస్తార రత్నాకరము", "ముక్తిమార్గ ప్రదర్శనము", "యేసుక్రీస్తు ప్రభు శతకము" ఇతర రచనలు. పేర్లు చూడగానే భక్తి సంప్రదాయపు పరిభాష కనిపిస్తుంది. నిస్తారమంటే దాటించుట, భవసాగరాన్ని తరించడమనే భావానికి అలవాటుపడిన పాఠకునికి రక్షణ సిద్ధాంతాన్ని అతడు ఆ మాటతోనే అందించాడు. ముక్తి అన్న పదాన్ని ఉంచుకొని, దానికి మార్గం జ్ఞానమో కర్మమో కాక క్రీస్తు కృప అని అర్థం మార్చాడు.

అయినా జనంలో నిలిచినవి కీర్తనలే. పల్లవి, చరణాలతో, రాగతాళాలతో ఉండటం వల్ల చదువురానివారు కూడ విని కంఠస్థం చేసుకొన్నారు. నాలుగవ శతాబ్దంలో సిరియా భాషలో ఎఫ్రేము, మిలాన్ నగరంలో అంబ్రోసు సిద్ధాంత వివాదాలను పాటలలోకి దించి సామాన్యులకు నేర్పారు. చౌదరి చేసిందీ ఆ కోవలోని పనే, కాకపోతే రాగాలు కర్ణాటక సంగీతానివి. కొన్నిచోట్ల సంస్కృత సమాసాలు గ్రామీణ సంఘాలకు బరువనిపిస్తాయి గాని, పాడేవారు వాటిని వదలలేదు.

వీరి కీర్తనలలోని భక్తి వేదాంతాన్ని ఆర్. ఆర్. సుందరరావు పరిశీలించాడు. తెలుగు క్రైస్తవ కీర్తనలపై ఆయన ఆంగ్లంలో వ్రాసిన గ్రంథం 1983లో మద్రాసులో వెలువడింది.