తంతి వేసిన డాక్టరు

గోదావరి జిల్లాల వాళ్ళ ముందు కాటన్ దొర పేరెత్తితే చాలు, చేతులెత్తి మొక్కుతారు. నీళ్ళిచ్చిన మనిషి గనుక ఊరూరా ఆయన విగ్రహాలు వెలిశాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే, అదే కంపెనీ కొలువులో ఉండి, కలకత్తాలో పుట్టిన మాటను పెషావరు దాకా, మద్రాసు దాకా తీగ మీద నడిపించినవాడు మరొకడున్నాడు. ఆయన పేరు విలియం బ్రూక్ ఒషానెస్సీ. భారతదేశపు తంతి శాఖకు ఆద్యుడు. వైద్యులకూ, శాస్త్ర చరిత్ర చదివినవాళ్ళకూ సుపరిచితుడు. కంప్యూటర్ నెట్‌వర్కుల పాఠం చదివే మన విద్యార్థులకు మాత్రం ఆయన కథ ఎవరూ చెప్పరు. అందుకే ఈ చిన్న ప్రయత్నం.

మాది జుక్కల్ వైపు. ఒక పక్క మహారాష్ట్ర, కాస్త ఎడంగా కర్ణాటక. సంతకు పోతే తెలుగు, మరాఠీ, కన్నడం మూడూ చెవిన పడతాయి. మా పెద్దవాళ్ళకు తార్ అంటే గుండె దడ. సైకిల్ మీద తార్ మనిషి వస్తున్నాడంటే కాగితం విప్పకముందే ఇంట్లో ఏడుపులు మొదలయ్యేవట. ఎవరో పోయారన్న కబురే తప్ప మంచి కబురు తార్‌లో ఎందుకొస్తుంది అని వాళ్ళ నమ్మకం. ఆ టెలిగ్రాం సేవ 2013 జూలైలో దేశమంతటా ఆగిపోయింది. దాన్ని మొదలుపెట్టిన మనిషి దగ్గరికి ఇప్పుడు పోదాం.

ఒషానెస్సీ 1809 లో ఐర్లండ్ దేశంలోని లిమరిక్ పట్టణంలో పుట్టాడు. ఎడిన్‌బరోలో వైద్యం చదివి 1829 లో పట్టా పుచ్చుకున్నాడు. 1831 లో ఇంగ్లండును కలరా చుట్టుముట్టింది. పెద్ద పెద్ద డాక్టర్లు రోగి ఒంట్లోంచి ఇంకా రక్తం తీస్తూ కూర్చున్న కాలమది. ఇరవై రెండేళ్ళ ఈ కుర్రవాడు సండర్లాండ్ పట్టణానికి వెళ్ళి, కలరా రోగుల రక్తాన్ని పరీక్షించి, అందులో నీరూ లవణాలూ తరిగిపోయాయని తేల్చాడు. పోయినదాన్ని తిరిగి ఎక్కిస్తే మనిషి బతుకుతాడని సూచించాడు. 1832 లో థామస్ లాట్టా అనే వైద్యుడు ఆ పని చేసి చూపించాడు. ఈనాడు ఏ సర్కారు దవాఖానాలో చూసినా మంచం పక్కన వేలాడే సెలైన్ సీసా వెనుక ఆ కుర్రవాడి పరిశోధన ఉందన్నమాట. ఇంత చేసినా లండన్‌లో ఆయనకు వైద్యం చేసుకునే అవకాశం కుదరలేదు. 1833 లో ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరి కలకత్తాకు ఓడ ఎక్కాడు.

1835 లో కలకత్తా మెడికల్ కాలేజీ మొదలైంది. అందులో ఆయన రసాయన శాస్త్రం చెప్పేవాడు. మన మూలికల మీదా, గంజాయి ఔషధ గుణాల మీదా పరీక్షలు చేసి వ్యాసాలు రాశాడు. పగలు పాఠం, తక్కిన వేళల్లో విద్యుత్తు మీద ప్రయోగాలు. తీగలో కరెంటు పంపి కబురు చెప్పవచ్చునా అన్న ప్రశ్న అప్పట్లో ఇంగ్లండులో కుక్, వీట్‌స్టన్‌లనూ, అమెరికాలో మోర్స్‌నూ పట్టుకుని ఉంది. ఇక్కడ ఈ డాక్టరునూ అదే పట్టుకుంది.

1839 లో కలకత్తా దగ్గరి బొటానికల్ తోటలో వెదురు గడలు పాతి, పదమూడు మైళ్ళకు పైగా తీగ లాగాడు. కొంత భాగాన్ని తారు పూసి హుగ్లీ నది నీళ్ళలో దించాడు. కబురు అందిందని తెలిసేదెలా? తీగ కొసను వేళ్ళకు తగిలించుకుంటే చిన్న షాకు కొట్టేది. రెండు చివర్లలోనూ ఒకే వేగంతో నడిచే గడియారాలు పెట్టి, షాకు తగిలిన క్షణంలో ముల్లు ఎక్కడుందో చూసి అక్షరం పోల్చుకునే పద్ధతిని పరీక్షించాడు. మిత్రులారా, ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. పంపేవాడి గడియారమూ అందుకునేవాడి గడియారమూ కలిసి నడవాలన్న ఈ నియమాన్నే ఇప్పుడు మన పాఠ్య పుస్తకాల్లో సింక్రొనైజేషన్ అంటున్నాం. ఆయన దాన్ని వేలి కొసన అనుభవించి తెలుసుకున్నాడు.

ప్రయోగం నెగ్గింది గాని ప్రభుత్వం పట్టించుకోలేదు. పదేళ్ళు ఆ కాగితాలు అలాగే పడి ఉన్నాయి. ఈలోగా ఆయన ఇంగ్లండు వెళ్ళాడు, 1843 లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు, మళ్ళీ కలకత్తా వచ్చి టంకశాలలో పనిచేశాడు. 1848 లో డల్హౌసీ గవర్నర్ జనరల్‌గా వచ్చాకనే ఆ ఆలోచనకు రెక్కలొచ్చాయి.

మొదటి లైను కలకత్తా నుంచి డైమండ్ హార్బర్ దాకా. 1850 లో పని మొదలై 1851 లో పూర్తయింది. దాన్ని ఆయన సన్నని తీగతో వెయ్యలేదు, 3/8 అంగుళం మందం ఉన్న ఇనుప కడ్డీతో వేశాడు. సీమ పద్ధతి తెచ్చి ఇక్కడ అతికిస్తే నిలవదని ఆయనకు తెలుసు. ఇక్కడ గాలివాన ఉంది, తీగ మీద ఉయ్యాలలూగే కోతులున్నాయి, వాలే పెద్ద పెద్ద పక్షులున్నాయి, గుంజలకు తగులుకునే ఎడ్ల బండ్లున్నాయి. వీటన్నిటికీ ఓర్చుకునే లైను కావాలి. ఏ నెట్‌వర్కుకైనా మొదటి ప్రశ్న ఇదే: సంకేతం ఏ దారిన పోతుంది, ఆ దారి ఈ నేలకు తట్టుకుంటుందా? రాగి తీగ కానీ, గాజు పోగు కానీ, గాలిలో తరంగం కానీ, ప్రశ్న మారలేదు.

రెండో ప్రశ్న లిపి. ఆయన తయారు చేసుకున్న యంత్రంలో ఒక చుట్ట మధ్య అయస్కాంతపు సూది ఉండేది. కరెంటు ఒక వైపు పోతే సూది ఎడమకు, తిరగేసి పంపితే కుడికి వాలేది. ఎడమ, కుడి, అంతే. ఈ రెండింటినీ రకరకాలుగా పేర్చితే ఇంగ్లీషు అక్షరాలన్నీ వచ్చేస్తాయి. ఈనాటి కంప్యూటరు సున్నా, ఒకటి అంటున్నదీ ఇదే సంగతి. రెండు గుర్తులు చాలు, ప్రపంచంలోని మాటలన్నీ పట్టేస్తాయి. ఆ యంత్రం ఇక్కడి పనివాళ్ళు చేయగలిగినంత సులువుగా, చవగ్గా ఉండటం దాని గొప్ప.

మూడో ప్రశ్న మనుషులు. టంకశాలలో పనిచేసే శివచంద్ర నందీ అనే బెంగాలీ యువకుణ్ణి ఆయన తన పనిలో చేర్చుకున్నాడు. ఇంజనీరింగ్ పట్టాలేవీ లేని ఆ యువకుడే డైమండ్ హార్బర్ నుంచి మొదటి సంకేతం పంపాడు, కలకత్తాలో ఒషానెస్సీ దాన్ని అందుకున్నాడు. తరవాతి కాలంలో నందీ ఎన్నో లైన్లు దగ్గరుండి వేయించాడు.

1852 లో బర్మా యుద్ధం వచ్చింది. రంగూన్ పట్టుబడిన వార్త ఓడలో కెడ్జరీ రేవుకు చేరగానే తీగ మీద కలకత్తాకు వచ్చేసింది. డల్హౌసీకి ఇక సందేహం మిగల్లేదు. అదే ఏడు ఒషానెస్సీని తంతి శాఖ సూపరింటెండెంటుగా వేశారు. 1853 నవంబరులో కలకత్తా నుంచి ఆగ్రాకు పని మొదలుపెట్టి, సుమారు 800 మైళ్ళు వేసి, 1854 మార్చిలో ఆగ్రా నుంచి మొదటి కబురు అందుకున్నాడు.  అక్కడి నుంచి బొంబాయి, మద్రాసు, పెషావరు. దారిలో అడవులు, నల్లరేగడి నేలలు, నదులు. బొంబాయి, మద్రాసుల లైను మన తుంగభద్రను దాటింది. ఆ నది దగ్గర వేసిన కేబులు రెండు మైళ్ళకు తక్కువ లేదని డల్హౌసీ 1856 నివేదికలో నమోదు చేశాడు. 1855 ఫిబ్రవరి 1 న తంతి సామాన్య ప్రజలకు తెరిచారు. అప్పటికి లైను 3,000 మైళ్ళు దాటింది. పదహారు మాటలు 400 మైళ్ళు పంపడానికి ఒక రూపాయి. ఆ రోజుల్లో కూలివాడికి అది చాలా రోజుల సంపాదన. తలుపు తెరిచారు గాని గడప ఎత్తుగానే ఉంది.

ఇంత దూరం కబురు ఒక్క ఊపున పోయేది కాదు. దూరం పెరిగేకొద్దీ కరెంటు నీరసించిపోతుంది. అందుచేత మధ్య ఆఫీసులో ఒకడు కబురును రాసుకుని, మళ్ళీ మొదటినుంచి ముందుకు కొట్టేవాడు. సర్కారు కబురుకు ముందు దారి, తక్కినవి వరుసలో. రాసుకోవడంలో ఒక్క అక్షరం తప్పితే కొసన అర్థం మారిపోయేది. ఇప్పటి నెట్‌వర్కులో రౌటరు అనే పెట్టె చేస్తున్నది ఈ చాకిరే. వచ్చినదాన్ని నిలవబెట్టుకుని, చిరునామా చూసి, వరుస చూసి, ముందుకు తోలుతుంది. తప్పు దొర్లిందా అని సరిచూసుకునే లెక్కలూ ఇప్పటి నెట్‌వర్కులో ఉన్నాయి.

1856 లో ఆయనకు సర్ బిరుదు దక్కింది. ఆ వెంటనే యూరపు, అమెరికాలు తిరిగి మోర్స్ పద్ధతిని పరిశీలించాడు. సూది యంత్రం దగ్గర కూర్చున్నవాడు రెప్ప వెయ్యకుండా చూస్తూ ఉండాలి. మోర్స్ యంత్రం కాగితం మీద గుర్తు వేసి పెడుతుంది. ఏది మేలో ఆయనకు తెలిసిపోయింది. 1857 లో మోర్స్ యంత్రాలు వస్తుంటే తన సొంత సృష్టిని పక్కన పెట్టడానికి వెనుకాడలేదు. మనలో ఎంతమందికి ఆ గుండె ఉంటుంది?

ఇక కథలో చేదు భాగం. 1857 మే 11 న ఢిల్లీ తంతి ఆఫీసు నుంచి తిరుగుబాటు వార్త అంబాలాకు పోయింది. పంజాబులోని తెల్ల అధికారులు ముందే మేలుకుని సిపాయిల తుపాకులు లాగేసుకున్నారు. ఆ సంగతి తెలిసిన తిరుగుబాటుదార్లు వందల మైళ్ళ తీగ తెంపి పారేశారు. ఒషానెస్సీ అప్పుడు ఈ దేశంలో లేడు. లేకపోయినా, లైను ఆయనదే. ఆయన కష్టం ఈ దేశాన్ని ఒక్క తీగకు గుచ్చింది, ఆ తీగే ఈ దేశాన్ని కట్టి పడేసింది. రెండూ నిజమే. కాటన్ దొర నీళ్ళు పొలానికి పారితే, ఈ దొర కబుర్లు ముందుగా కచేరీకి పారాయి. జనం గుండెల్లో ఆయనకు చోటు దొరకకపోవడానికి కారణం ఇదేననిపిస్తుంది.

తరవాత తిరిగి వచ్చి తెగిన లైన్లు మళ్ళీ నిలబెట్టించాడు. ఆరోగ్యం సరిగా లేక 1860 దశకం మొదట్లోనే కొలువు వదిలి ఇంగ్లండు వెళ్ళిపోయాడు. పేరును బ్రూక్ అని మార్చుకున్నాడు. దాదాపు ముప్పై ఏళ్ళు ఎవరి కంటా పడకుండా గడిపి, 1889 జనవరిలో సౌత్‌సీ పట్టణంలో కన్నుమూశాడు. కలరా రోగికి సెలైను దారి చూపి, దూరపు మనిషికి కబురు దారి వేసిన జీవితం అలా చడీచప్పుడు లేకుండా ముగిసింది.

చివరిగా నా మాట ఒకటి. 2020 లో కరోనా వచ్చి కాలేజీలు మూతపడినప్పుడు, ఫోన్‌లో పాఠం వినడానికి మా వైపు పిల్లలం మిద్దెలెక్కాం, గుట్టలెక్కాం. పాఠం సగంలో ఉండగా సిగ్నల్ పోయేది. హాజరు పడనివాళ్ళున్నారు, పరీక్ష రాయలేకపోయినవాళ్ళున్నారు. అంత పెద్ద నెట్‌వర్కు మా గుట్ట కింద దాకా వచ్చి ఆగిపోయిందే అని ఆ రోజు ఏడుపొచ్చింది. రూపాయి లేక తంతి ఆఫీసు గడప ఎక్కని ఆనాటి కూలివాడూ, సిగ్నల్ లేక పాఠం పోగొట్టుకున్న మేమూ ఒకే వరుసలో ఉన్నామని ఈ జీవితం చదివాక తెలిసింది.

రేపు మనలో కొందరు ఇంజనీర్లవుతారు, కొందరు అధికారులవుతారు. ఒషానెస్సీ దగ్గర నేర్చుకోవలసినవి నేర్చుకుందాం: ఈ నేలను చూసి లైను వెయ్యడం, ఇక్కడి చేతులకు పని నేర్పడం, మేలైనది కనబడితే తన గొప్ప వదులుకోవడం. ఆయన కాలం చెయ్యనిది కూడా చేద్దాం. లైను కచేరీ దగ్గర మొదలైతే మొదలవనీ, అది ఆగే చోటు మాత్రం కొసాన ఉన్న ఇంటి గడప కావాలి.