శుద్ధరాత్రి కీర్తన వ్రాసిన బీదగురువు

ధ్యానభాగము: లూకా 2:1–20, 1 కొరింథీయులకు 1:26–31



క్రిస్మసు వచ్చినప్పుడెల్ల మనము శుద్ధరాత్రి కీర్తన పాడుచుందుము. అక్షరము రాని వృద్ధులును, చంటిబిడ్డను ఒడిలో పెట్టుకొన్న తల్లులును పుస్తకము చూడకయే దానిని పాడుదురు. అయితే మొదట జర్మను భాషలో దానిని వ్రాసినది ఎవరని అడిగినయెడల చెప్పగలవారు కొద్దిమందియే. ఆయన పేరు జోసెఫ్ మోర్. ఆయన రోమను సంఘపు గురువు. మన సంఘములవాడు కాకపోయినను ఆయన జీవితములో మనకొక పాఠము గలదని తలంచి ఈ నెల ఆయన చరిత్ర వ్రాయుచున్నాము.

ఇప్పటి ఆస్ట్రియా దేశములోని సాల్జ్‌బర్గ్ పట్టణములో 1792 డిసెంబరు 11న ఆయన జన్మించెను. తల్లి ఆన్నా అల్లికపని చేసి పొట్టపోసుకొను బీదరాలు. తండ్రి సైన్యమును విడిచి పారిపోయిన సిపాయి; అతడు ఆమెను వివాహమాడలేదు. వివాహము లేక బిడ్డను కన్నందుకు ఆమెకు జుర్మానా విధించిరి. బాప్తిస్మమునకు జ్ఞానతండ్రిగా ఒప్పుకొన్నవాడు ఎవరు? మరణశిక్షలు నెరవేర్చు ఆ పట్టణపు తలారి. జనులు అట్టివానిని దూరముగా ఉంచెడి కాలమది. అతడును స్వయముగా రాక, తన యింటి పనిమనిషిని తనకు బదులుగా పంపెను.

ఇట్టి బిడ్డను ఎవరు లెక్కచేయుదురు? అయితే పెద్ద దేవాలయములో పాటకుల పని చూచు హీర్న్‌లే అను గురువు ఆ బాలుని తెలివిని, కంఠమును గమనించి, చేరదీసి చదివించెను. బాలుడు పాడుటయందును ఫిడేలు వాయించుటయందును ఆరితేరెను. అక్రమ సంతానమైనవాడు గురువు కావలెనన్న ప్రత్యేకమైన అనుమతి కావలసియుండెను. అది పొంది 1815 ఆగస్టు 21న ఆయన గురువుగా అభిషేకింపబడెను.

మరుసటి సంవత్సరము, అనగా 1816లో, మరియాఫార్ అను కొండ గ్రామములో పని చేయుచు ఆయన ఆ గీతమును వ్రాసెను. నెపోలియను యుద్ధములు ముగిసి ఎంతో కాలము కాలేదు. దానికి తోడు తంబోరా అగ్నిపర్వతము 1815లో బ్రద్దలైనందున ఆ యేడు యూరపు ఖండములో వేసవి రాక, పంటలు చెడి, అనేకులు ఆకలిపాలైరి. అట్టి దినములలో ఆయన సమాధానమును గూర్చి వ్రాసెను. మొత్తము ఆరు చరణములు. నేడు సాధారణముగా పాడునవి మూడే. విడిచిపెట్టబడిన వాటిలో ఒకటి యేసు సకల జనములను సహోదరునివలె కౌగిలించుకొనుటను గూర్చినది.

1818 డిసెంబరు 24న ఓబెర్న్‌డార్ఫ్ గ్రామములో ఆయన ఆ గీతమును ఫ్రాంజ్ గ్రూబర్ అను బడిపంతులుకు ఇచ్చి రాగము కట్టుమనెను. ఆ రాత్రియే ఇద్దరును దానిని పాడిరి. మోర్ గిటారు వాయించెను. ఎలుకలు ఆర్గను తిత్తులను కొరికినందున హడావుడిగా ఆ పాట పుట్టినదని ఒక కథ వాడుకలో నున్నది. అది తరువాత కల్పింపబడినది. 1995లో దొరికిన మోర్ చేవ్రాత ప్రతి, గీతము 1816 నాటిదని తెలుపుచున్నది. రెండేండ్లు అది ఆయనయొద్ద వేచియుండెను.

ఆర్గనులు బాగుచేయువాడొకడు ఆ పాటను తన ఊరికి తీసికొనిపోయెను. అక్కడి పాటకుల కుటుంబములు దానిని దేశదేశములకు చేర్చిరి; 1839లో అది న్యూయార్కులో వినబడెను. కాని వ్రాసినవాని పేరు దానితో పోలేదు. గొప్ప సంగీత విద్వాంసులెవరో దానిని కట్టిరని జనులు తలంచిరి. 1854లో బెర్లిను రాజాస్థానమువారు విచారింపగా గ్రూబర్ జరిగినది వ్రాసి పంపెను. అప్పటికి మోర్ మరణించి ఆరేండ్లు.

ఆయన జీవితము సుఖమైనది కాదు. పై గురువొకడు ఆయనమీద ఫిర్యాదు చేసెను. అధికారులు ఆయనను ఊరినుండి ఊరికి మార్చుచుండిరి. 1837లో వాగ్రైన్ గ్రామమునకు వచ్చి, బడి కట్టించుటకు పాటుపడి, బీదబిడ్డల చదువునకు సాయము చేసెను. 1848 డిసెంబరు 4న ఊపిరితిత్తుల వ్యాధివలన మరణించెను. బ్రదికియున్నప్పుడు ఎవరును ఆయన పటము గీయలేదు.

ప్రియులారా, తండ్రి పేరు అడిగినప్పుడు తల దించుకొను బిడ్డలు మన గ్రామములలోను ఉన్నారు. మేము ఒక క్రిస్మసునకు అట్టి పిల్లవానిని పాటల గుంపులో చేర్చుకొనుటకు పెద్దల మాటకు జడిసి వెనుదీసితిమి. వాడు దేవాలయము వెలుపల గోడనానుకొని నిలిచి వినెను. మోర్ చరిత్ర చదివినప్పుడు వాడు మా కన్నులయెదుటికి వచ్చెను, మిగుల సిగ్గుపడితిమి. హీర్న్‌లే కూడ మావలెనే జడిసియుండినయెడల ఆ కీర్తన మనకెట్లు దొరకును?

మత్తయి మొదటి అధ్యాయములోని వంశావళి చదివి చూడుడి. తామారును, రాహాబును, ఊరియా భార్యను అందులో ఉన్నారు. తన కుమారునికి అట్టి వంశమును ఏర్పరచిన దేవుడు ఏ బిడ్డను వెలుపల నిలువబెట్టును?

ఈ క్రిస్మసు రాత్రి శుద్ధరాత్రి పాడకమునుపు మనమొకసారి దేవాలయపు గుమ్మమువైపు చూతము. వెలుపల ఎవరైన నిలిచియున్నయెడల చేయి పట్టుకొని లోపలికి తీసికొనివచ్చి, మన ప్రక్కనే కూర్చుండబెట్టుకొందము. ఆ తరువాత పాడుదము. ప్రభువు మనకు అట్టి మనస్సు దయచేయును గాక. ఆమేన్.