డాక్టరు కోనిగ్ గారు – మన పెరటి పురుగులు

కరివేపచెట్టు లేని పెరడు మన కోనసీమలో అరుదు. ఆ చెట్టునకు శాస్త్రజ్ఞులు పెట్టిన లాటిను పేరులో ఒక మిషను వైద్యుని పేరు చేరియున్నదని మనలో నెందరెఱుగుదురు? పత్తి, బెండ కాయలమీద గుంపులుగట్టు ఎఱ్ఱని పురుగు పేరులోను ఆయన పేరే కలదు. ఆయనయే యోహాన్ గెరార్డ్ కోనిగ్ గారు.

వీరు 1728వ సంవత్సరమున బాల్టికు సముద్రతీరమందలి లివోనియా సీమలో జన్మించిరి. స్వీడను దేశమందు లిన్నేయసు పండితునికి శిష్యులైరి. ప్రతి ప్రాణికిని రెండు మాటలతో పేరిడు పద్ధతిని స్థిరపఱచినది ఆ పండితుడే. అందు మొదటి మాట మన యింటిపేరు వంటిది. రెండవది సొంతపేరు వంటిది.

1768లో కోనిగ్ గారు తరంగంబాడిలోని డేనిషు మిషనునకు వైద్యులుగా వచ్చిరి. రోగులకు మందిచ్చుచునే మొక్కలను, పురుగులను సేకరింపసాగిరి. అందులకు కావలసిన ప్రయాణములకు మిషను జీతము చాలలేదు. కావున 1774లో ఆర్కాటు నవాబు కొలువున చేరిరి. 1778లో ఈస్టిండియా కంపెనీవారి పనికి వచ్చి సయాము, మలక్కా దేశములను చూచి వచ్చిరి.

ఈ దేశపు పురుగులకు మన జనులు పెట్టుకొన్న పేర్లు ఉన్నను, ఐరోపా పండితులకు అవి చాలవఱకు తెలియనివే. కోనిగ్ గారు సేకరించి పంపినవానిని లిన్నేయసునకే శిష్యుడైన ఫాబ్రీషియసు పరీక్షించి, అనేకములకు పేర్లు పెట్టెను. 1775లో, పైని చెప్పిన ఎఱ్ఱ పురుగునకు కోనిగ్ గారి పేరే పెట్టెను. దాని రెండు ముందు రెక్కలమీద చెరియొక నల్లని మచ్చ యుండును. అది పత్తి గింజల రసము పీల్చి దూదికి మఱకలు కలిగించును.

కోనిగ్ గారు చెదలను గూర్చి వ్రాసిన వ్యాసము 1779లో బెర్లినున అచ్చయ్యెను. పాశ్చాత్యులు చెదలను తెల్ల చీమలనుచుండిరి. కాని అవి చీమలు కావు, బొద్దింకలకు జ్ఞాతులు. తొలకరి వానకు దీపములచుట్టు ముసురు ఉసిళ్లు ఈ చెదలలో రెక్కలు వచ్చినవే. పుట్టలోపల చెదలు పెంచుకొను తెల్లని బూజును గూడ కోనిగ్ గారు కనిపెట్టి వర్ణించిరి.

1784లో విశాఖపట్టణమున పాట్రిక్ రస్సెల్ గారిని కలసికొనిరి. పిమ్మట గ్రహణి వ్యాధి పట్టుకొనగా, సామర్లకోటలోనున్న వైద్యుడు విలియం రాక్స్‌బర్గు గారు వచ్చి ఉపచారము చేసిరి. ఫలము లేకపోయెను. 1785 జూను 26వ తేదీన కాకినాడవద్ద జగన్నాథపురమున ప్రాణములు విడిచిరి. ముక్తేశ్వరము రేవున గౌతమిని దాటి, కోటిపల్లి, ద్రాక్షారామముల మీదుగా కాకినాడ చేరు మన ఐనవిల్లివారికి ఆ చోటు దూరమైనది కాదు.

తమ పేరున వారు అచ్చువేయించినది కొంచెమే. వ్రాతప్రతులను లండనులోని జోసెఫ్ బ్యాంక్సు గారికి చెందవలెనని మరణశాసనము వ్రాసిరి. వారి శ్రమఫలము చాలవఱకు ఇతరుల గ్రంథములలోనికి చేరినది. అయినను ఆ శ్రమ లేనిచో ఆ గ్రంథములకు ఆధారమే కొఱవడియుండును.

పెరటిలో ఎఱుగని పురుగు కనబడినప్పుడు దానిని వెంటనే చంపుట తగదని మేము విద్యార్థులకు మనవి చేయుచున్నాము. కాళ్లు ఆఱా ఎనిమిదా, రెక్కలెన్ని, ఏ చెట్టుమీదనున్నది, ఏమి తినుచున్నది, ఏ ఊరు, ఏ తేదీ అను సంగతులు మొదట వ్రాసికొనవలెను. ఎనిమిది కాళ్లున్నచో అది సాలీడు జాతిది కావచ్చును గాని పురుగు కాదు. ఈ సంగతులు సరిగానున్నచో పేరు చెప్పగలవారు ఎక్కడనున్నను చెప్పగలరు. తరంగంబాడినుండి కోనిగ్ గారు చేసిన పనికి మూలము ఇదియే.