గెలీలియో చివరి పుస్తకంలో వైశాల్యాల లెక్క

ఫిబ్రవరి 15 గెలీలియో పుట్టినరోజు. ఆయన పేరు వినగానే మీకు టెలిస్కోపు, గురుగ్రహం చుట్టూ తిరిగే చంద్రులు గుర్తుకొస్తాయి. ఈసారి వాటిని పక్కన పెడదాం. మీ లెక్కల పుస్తకంలో వైశాల్యాల పాఠానికీ ఆయనకీ ఉన్న సంబంధం చూడండి.

గెలీలియో 1564లో ఇటలీలోని పీసా నగరంలో పుట్టాడు. తండ్రి సంగీత విద్వాంసుడు. కొడుకు వైద్యుడు కావాలని విశ్వవిద్యాలయంలో చేర్పించాడు. కొడుకు మనసేమో లెక్కల మీద పడింది. 1585లో పట్టా లేకుండానే బయటికొచ్చేశాడు.

1588లో ఫ్లారెన్స్ పండితుల ముందు ఒక ఉపన్యాసం ఇచ్చాడు. విషయం వింటే నవ్వొస్తుంది: మహాకవి డాంటే వర్ణించిన నరకం కొలతలు! భూమి లోపల అంత పెద్ద గొయ్యి ఉంటే పైకప్పు కూలిపోదా అన్న సందేహానికి ఆయన ఇచ్చిన జవాబు ఇది. చిన్న కమాను నిలబడుతోంది కదా, అదే నిష్పత్తిలో పెంచితే పెద్దదీ నిలబడుతుంది. వినడానికి సబబుగానే ఉంది. కానీ తప్పు.

ఎందుకు తప్పో గళ్ళ కాగితం తీసి చూడండి. ఒక గడి భుజం ఉన్న చతురస్రంలో ఒక గడే ఉంటుంది. భుజం రెండింతలు చేస్తే 4 గళ్ళు, మూడింతలు చేస్తే 9. త్రిభుజమైనా, వృత్తమైనా ఇదే లెక్క. ఇప్పుడు పాచిక లాంటి ఘనాన్ని తీసుకోండి. భుజం మూడింతలైతే ఘనపరిమాణం 27 రెట్లు అవుతుంది. బరువు ఘనపరిమాణంతో పాటు పెరుగుతుంది. ఆ బరువు మోసే స్తంభం బలమో, దాన్ని అడ్డంగా కోస్తే కనిపించే ముఖం వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. అంటే బరువు 27 రెట్లు, బలం 9 రెట్లే అన్నమాట. నరకం పైకప్పు సంగతి ఇక మీరే చెప్పండి.

ఈ మాట ఆయన పుస్తకంగా రాసేసరికి సుమారు యాభై ఏళ్లు గడిచాయి. భూమి తిరుగుతుందని వాదించినందుకు 1633లో రోమ్‌లో విచారణ జరిగింది. తర్వాత ఫ్లారెన్స్ దగ్గర ఆర్చెత్రిలో సొంత ఇంట్లోనే నిర్బంధం. మరుసటి ఏడు ప్రాణంలా చూసుకున్న పెద్ద కూతురు చనిపోయింది. చూపు తగ్గుతూ వచ్చింది. ఆ స్థితిలో పూర్తి చేసిన పుస్తకమే 'రెండు కొత్త శాస్త్రాలు'. ఇటలీలో అచ్చు వేయించే వీలు లేదు. రాతప్రతి హాలండ్‌లోని లైడెన్ చేరి 1638లో అచ్చయింది. అప్పటికి ఆయనకు రెండు కళ్ళూ పోయాయి.

పుస్తకం వెనిస్ ఓడల కార్ఖానా ముచ్చటతో మొదలవుతుంది. చిన్న పడవకు అక్కర్లేనన్ని ఊతకర్రలు పెద్ద ఓడకు ఎందుకు పెడతారు? అక్కణ్ణించి జంతువుల దాకా వెళ్తాడు. చిన్న కుక్క తనంత కుక్కల్ని రెండు మూడింటిని మోయగలదేమో గానీ, గుర్రం తనంత గుర్రాన్ని ఒక్కదాన్నీ మోయలేదంటాడు. ఒక ఎముక బొమ్మ గీసి, దాని పక్కనే మూడింతలు పొడవైన ఎముక గీశాడు. రెండోది ఎంత లావుగా, మోటుగా ఉంటుందంటే, ఎముకలా అనిపించదు. మన కుంభకర్ణుడు మామూలు మనిషికి పదింతలు ఉంటే బరువు 1000 రెట్లు, ఎముకల బలం 100 రెట్లే. లేచి నిలబడటమే కష్టం!

1642 జనవరి 8న గెలీలియో ఆర్చెత్రిలోనే కన్నుమూశాడు. ఘనంగా సమాధి కట్టడానికి చర్చి పెద్దలు ఒప్పుకోలేదు. శాంతా క్రోచే చర్చిలో ఒక మూల చిన్న గదిలో ఉంచిన ఆయన అస్థికల్ని 1737లో గానీ ప్రధాన మందిరంలోకి మార్చలేదు.