గగన సాధకుడు విల్బర్ రైట్

ఆకాశంలో ఎగరాలనే కోరిక మానవజాతి అంత ప్రాచీనమైనది. సూర్యమండలాన్ని అందుకోబోయి రెక్కలు కాల్చుకొన్న సంపాతి కథ మన రామాయణంలో ఉంది. కుబేరుని పుష్పకం మన కవుల ఊహలలో యుగాలుగా విహరిస్తూనే ఉంది. అయితే ఎగరడం కూడ ఈతవలె, సంగీతంవలె అభ్యాసంతో నేర్చుకోవలసిన విద్య అనే ఆలోచన మాత్రం చాల ఆధునికమైనది. పందొమ్మిదో శతాబ్దపు చివరి దశకంలో ఎందరో శాస్త్రజ్ఞులు బలమైన యంత్రాన్ని నిర్మిస్తే చాలు, అది తనంతట తానే గాలిలోకి లేస్తుందని నమ్మేవారు. యంత్రం కంటె ముందు దానిని నడిపేవాడు సిద్ధం కావాలని గ్రహించిన కొద్దిమందిలో విల్బర్ రైట్ అగ్రగణ్యుడు.

విల్బర్ 1867 ఏప్రిల్ 16న అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో, మిల్‌విల్ అనే పల్లె సమీపంలో జన్మించాడు. తండ్రి మిల్టన్ రైట్ క్రైస్తవ మతాచార్యుడు. తల్లి సుసాన్ పనిముట్లను వాడడంలో నేర్పరి. పిల్లల ఆటవస్తువులను స్వయంగా తయారుచేసి ఇచ్చేది. తమ్ముడు ఆర్విల్ 1871లో జన్మించాడు. 1878లో తండ్రి ప్రయాణం నుండి వస్తూ పిల్లలకు ఒక చిన్న బొమ్మ తెచ్చాడు. వెదురు, బెండు, కాగితాలతో చేసిన ఆ బొమ్మ రబ్బరు పట్టీ బలంతో పైకి ఎగిరేది. అది విరిగిపోయాక అన్నదమ్ములు అటువంటివే తామే చేసుకొన్నారు. పెద్దవిగా చేసినవి మాత్రం ఎగరలేదు. ఆ వైఫల్యానికి కారణం ఆనాడు వారికి తెలియలేదు కాని, ప్రశ్న మాత్రం మనస్సులో నిలిచిపోయింది.

విల్బర్ చదువులో దిట్ట. యేల్ విశ్వవిద్యాలయంలో చేరాలని ఆశించాడు. కాని యౌవనారంభంలో మంచుమీద ఆట ఆడుతుండగా ముఖానికి కర్ర బలంగా తగిలి పండ్లు ఊడిపోయాయి. ఆ గాయంతోపాటు ఆరోగ్యమూ దెబ్బతిన్నది. క్షయతో మంచం పట్టిన తల్లికి సేవచేస్తూ అతడు కొన్నేళ్లు ఇంటికే పరిమితమయ్యాడు. కళాశాల చదువు కలగానే మిగిలిపోయింది. అయితే తండ్రి గ్రంథాలయం అతనికి కళాశాల అయింది. 1889లో తల్లి మరణించింది. ఆ సంవత్సరమే అన్నదమ్ములు డేటన్ నగరంలో ముద్రణాలయం ప్రారంభించారు. 1892లో సైకిళ్ల దుకాణం పెట్టారు. కొంతకాలానికి సొంతంగా సైకిళ్లు తయారుచేయసాగారు. సైకిలు నిలకడగా ఉండే వాహనం కాదు. తొక్కేవాని నేర్పే దానిని నిలబెడుతుంది. విల్బర్ తరువాతి ఆలోచనలకు ఈ అనుభవమే బీజమైంది.

ఆ రోజులలో జర్మనీ దేశస్థుడైన ఓటో లిలియెంతాల్ పేరు ప్రపంచమంతటా మారుమ్రోగుతున్నది. సన్నని కొయ్య బద్దలకు గుడ్డ కట్టి పక్షి రెక్కలవంటి గ్లైడర్లను అతడు నిర్మించాడు. వాటి చట్రాన్ని చేతులతో పట్టుకొని, గుట్టమీది నుండి గాలికి ఎదురుగా పరుగెత్తి, వేలాడుతూ దిగువకు తేలిపోయేవాడు. రెక్క ఒక ప్రక్కకు ఒరిగితే కాళ్లను రెండవ ప్రక్కకు ఊపి, శరీరభారంతో దానిని సరిదిద్దేవాడు. ఈనాటి హ్యాంగ్ గ్లైడర్ క్రీడాకారులు కూడ శరీరాన్ని ఇటూ అటూ జరిపే తమ వాహనాన్ని నడుపుతారు. 1891 నుండి సుమారు రెండువేల పర్యాయాలు ఎగిరిన ఆ సాహసి, 1896 ఆగష్టు 9న అదుపు తప్పి నేలకూలి, మరునాడు బెర్లిన్‌లో కన్నుమూశాడు. ఆ వార్త విల్బర్ హృదయంలో నిద్రిస్తున్న పాత ప్రశ్నను మేల్కొలిపింది. ఏకలవ్యునికి ద్రోణుని ప్రతిమవలె, తాను ఎన్నడూ చూడని లిలియెంతాల్ అతనికి తొలి గురువు అయ్యాడు.

1899 మే 30న విల్బర్ వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ సంస్థకు ఉత్తరం వ్రాసి, ఎగిరే విద్యపై వచ్చిన గ్రంథాల వివరాలు కోరాడు. ఆ సంస్థ తెలిపిన గ్రంథాలలో ఆక్టేవ్ షనూట్ 1894లో ప్రచురించిన పుస్తకం ఒకటి. అంతవరకు ఎగరడానికి వివిధ దేశాలలో జరిగిన ప్రయత్నాలను, వాటి జయాపజయాలను షనూట్ అందులో ఓపికగా విశ్లేషించాడు. 1832లో పారిస్‌లో పుట్టి, బాల్యంలోనే అమెరికా చేరిన షనూట్ గొప్ప ఇంజనీరు. మిస్సోరీ నదిమీద తొలి వంతెనను 1869లో కాన్సస్ నగరం వద్ద నిర్మించినవాడు ఆయనే. 1896లో, తన 64వ ఏట, మిచిగన్ సరస్సు తీరపు ఇసుక దిబ్బలమీద గ్లైడర్లతో ప్రయోగాలు చేయించాడు. వంతెనలకు వాడే బద్దల, తీగల అల్లికను రెండంతస్తుల రెక్కలకు అన్వయించి, తేలికైన, దృఢమైన గ్లైడరును రూపొందించాడు. వయస్సు అనుకూలించనందున వాటిలో యువకులే ఎగిరారు. తనకు తెలిసినది దాచుకొనే స్వభావం షనూట్‌కు లేదు. ఏ దేశపు సాధకుడు ఉత్తరం వ్రాసినా జవాబిచ్చేవాడు. ఒకరి అనుభవాన్ని మరొకరికి అందించేవాడు.

1900 మే 13న విల్బర్ ఆయనకు తొలి ఉత్తరం వ్రాశాడు. లిలియెంతాల్ అయిదేళ్లలో గాలిలో గడిపిన మొత్తం కాలం అయిదు గంటలకు మించదని విల్బర్ లెక్క. అంత కొద్ది అభ్యాసంతో ఏ విద్య పట్టుబడుతుంది? కనుక ఎత్తయిన స్తంభానికి త్రాడుతో గ్లైడరును కట్టి, గాలిలో గంటలకొద్దీ అభ్యాసం చేయాలన్నది అతని పథకం. సైకిళ్ల దుకాణదారుడైన ఒక అపరిచితుని ఉత్తరాన్ని షనూట్ తేలికగా తీసుకోలేదు. నాలుగు రోజులలోనే జవాబు వ్రాశాడు. అభ్యాసమే ముఖ్యమన్న మాటను సమర్థించాడు. త్రాళ్లు చిక్కులను, అపాయాన్ని తెచ్చిపెడతాయని హెచ్చరించి, ఇసుక దిబ్బలమీద నేర్చుకోవడం మేలని సూచించాడు. ఎదురుగాలి వీచే సముద్రతీరాలను ప్రస్తావించాడు. ఉత్సాహాన్ని చల్లార్చకుండా ప్రమాదాన్ని తప్పించడం ఉత్తమ గురువు లక్షణం. షనూట్ మొదటి జవాబులోనే ఆ లక్షణం కనిపించింది.

విల్బర్ వాతావరణ శాఖ లెక్కలు పరిశీలించి, ఉత్తర కరోలినా తీరంలోని కిట్టీ హాక్ అనే మారుమూల గ్రామాన్ని ఎంచుకొన్నాడు. 1900 శరత్కాలంలో అన్నదమ్ములు అక్కడికి చేరారు. షనూట్ గ్లైడరువలె వారిదీ రెండంతస్తుల రెక్కలదే. కాని అందులో మనిషి వేలాడడు. క్రింది రెక్కమీద బోర్లా పడుకొంటాడు. శరీరభారాన్ని జరిపే పద్ధతికి బదులు, త్రాళ్లతో రెక్కల కొసలను మెలిత్రిప్పి సమతౌల్యం సాధించడం విల్బర్ కనిపెట్టిన ఉపాయం. దుకాణంలో ఒక ఖాళీ అట్టపెట్టెను చేతులతో మెలిత్రిప్పుతుండగా అతనికి ఆ ఆలోచన స్ఫురించింది. ఆ సంవత్సరం విల్బర్ గాలిలో ఉన్న మొత్తం సమయం సుమారు రెండు నిమిషాలే. అయినా ఉపాయం ఫలిస్తుందన్న నమ్మకం కలిగింది.

1901 వేసవిలో ఇంకా పెద్ద గ్లైడరుతో వారు మళ్లీ వెళ్లారు. ఈసారి లెక్కలన్నీ తలక్రిందులయ్యాయి. రెక్కలు పైకి లేపే బలం, లిలియెంతాల్ పట్టికల ప్రకారం రావలసిన దానిలో మూడవ వంతు మాత్రమే వచ్చింది. కొన్నిసార్లు రెక్కలను మెలిత్రిప్పితే గ్లైడరు కోరిన వైపు కాక ఎదురు వైపు తిరగబోయేది. ఆగష్టులో షనూట్ స్వయంగా ఆ ఇసుక దిబ్బలకు వచ్చి, గుడారంలో వారితో కలిసి ఉన్నాడు. అన్నదమ్ములకు తమ ఓటమి మాత్రమే కనిపించింది. అందరి ప్రయోగాలూ ఎరిగిన ఆ వృద్ధునికి, వారు అప్పటికే మునుపటి వారినందరినీ మించిపోయారన్న సంగతి కనిపించింది. ప్రయోగాలు మానవద్దని ఆయన వారిని ప్రోత్సహించాడు. అయినా విల్బర్ మాత్రం, తమ జీవితకాలంలో మానవుడు ఎగరలేడేమోనన్న నిరాశతోనే డేటన్‌కు తిరిగి వచ్చాడు.

సాధకుడు కుంగిపోయిన ఆ సమయంలోనే గురువు చేసిన మేలు విలువ తెలుస్తుంది. చికాగోలోని పశ్చిమ ఇంజనీర్ల సంఘానికి అప్పటి అధ్యక్షుడైన షనూట్, తమ సభలో ప్రసంగించమని విల్బర్‌ను ఆహ్వానించాడు. విల్బర్ మొదట సంకోచించాడు. చెల్లెలు కాథరిన్ పట్టుబట్టి ఒప్పించింది. తమ్ముని దుస్తులు ధరించి 1901 సెప్టెంబరు 18న అతడు ఆ సభలో ప్రసంగించాడు. కళాశాల ముఖం చూడని యువకుడు ఆరితేరిన ఇంజనీర్ల ఎదుట నిలిచి, అంతవరకు ప్రమాణంగా భావించిన లెక్కలను సందేహించాడు. ఓటమిని మరచిపోవాలనుకొన్న వానికి, ఆ ప్రసంగం కోసం దానిని మొదటినుండి తరచి చూడవలసిన అవసరం కలిగింది. సభలో అన్న మాటకు ఋజువు చూపవలసిన బాధ్యతా మీద పడింది.

ఆ బాధ్యతే అన్నదమ్ములను పరిశోధకులుగా మలచింది. ఆరు అడుగుల పొడవైన చెక్క గొట్టంలోకి పంకాతో గాలిని పంపి, దానిలో రెండువందల చిన్న రెక్కల నమూనాలను వారు పరీక్షించారు. లిలియెంతాల్ పట్టికలలో పెద్ద దోషం లేదని, గాలి ఒత్తిడిని లెక్కగట్టడానికి పద్దెనిమిదో శతాబ్దం నుండి అందరూ వాడుతున్న ఒక గుణకమే తప్పని తేలింది. ఫలితాలను విల్బర్ ఎప్పటికప్పుడు షనూట్‌కు తెలియజేసేవాడు. షనూట్ ధనసహాయానికి దాతను చూపుతానన్నా అతడు వినయంతో నిరాకరించాడు. అతడు కోరుకొన్నది ధనం కాదు. తన మాటను అర్థం చేసుకోగల ఒక మనిషి.

కొత్త లెక్కలతో నిర్మించిన 1902 గ్లైడరు రెక్కల వెడల్పు 32 అడుగులు. దానికి కదిలే చుక్కానిని కూడ అమర్చడంతో ప్రక్కకు తిరిగే చిక్కు తీరింది. ఆ శరత్కాలంలో అన్నదమ్ములు వందలాది పర్యాయాలు ఎగిరారు. విల్బర్ ఒక పర్యాయం 26 సెకన్లలో 622 అడుగులకు పైగా తేలిపోయాడు. ఎగిరే విద్య వారికి పట్టుబడింది. ఇక మిగిలినది యంత్రం అమర్చడమే. 1903 డిసెంబరు 17న ఆర్విల్ 12 సెకన్లపాటు ఎగిరి చరిత్ర సృష్టించాడు. ఆనాటి నాల్గవ ప్రయత్నంలో విల్బర్ 59 సెకన్లలో 852 అడుగులు ప్రయాణించాడు. 1908 ఆగష్టులో ఫ్రాన్సులోని లెమాన్ వద్ద అతడు చేసిన విన్యాసాలు సందేహించిన వారందరినీ ముగ్ధులను చేశాయి. అక్కడా, పో నగరంలోనూ అతడే గురువై ఇతరులకు విమానం నడపడం నేర్పాడు.

అయితే కాలం గురుశిష్యుల నడుమ ఒక నీడను తెచ్చింది. 1903లో షనూట్ పారిస్‌లో చేసిన ప్రసంగం, రైట్ సోదరులు తన శిష్యులనే భావాన్ని కలిగించింది. సొంత పరిశ్రమతో సత్యాన్ని కనుగొన్న వారికి అది బాధ కలిగించింది. 1906లో వారికి తమ ఆవిష్కరణపై ప్రత్యేక హక్కు లభించింది. దానిని కాపాడుకొనేందుకు వారు న్యాయస్థానాలకు వెళ్లినపుడు, జ్ఞానాన్ని అందరికీ పంచాలని విశ్వసించిన షనూట్ నొచ్చుకొన్నాడు. రెక్కలను మెలిత్రిప్పే ఆలోచన పూర్తిగా కొత్తది కాదని ఆయన బహిరంగంగానే అన్నాడు. 1910 ప్రారంభంలో ఇద్దరి నడుమ కఠినమైన ఉత్తరాలు నడిచాయి. తరువాత షనూట్ మౌనం వహించాడు. ఏప్రిల్ చివర విల్బర్ తానే ముందుగా, పాత స్నేహం చెడరాదని కోరుతూ వ్రాశాడు. అస్వస్థుడై ఉన్న షనూట్ మే నెలలో ఆ చేతిని ఆదరంతో అందుకొన్నాడు. కాని వారి స్నేహం మళ్లీ చిగురించే వ్యవధి లేకపోయింది. 1910 నవంబరు 23న షనూట్ చికాగోలో మరణించాడు.

మరుసటి జనవరిలో ఒక విమాన పత్రికలో విల్బర్ ఆయనకు నివాళి వ్రాశాడు. కలహాన్ని ప్రక్కన పెట్టి, ఆయన రచనల స్పష్టతను, ఓర్పును, మంచితనాన్ని కొనియాడాడు. ఆయన లేకపోతే విమానచరిత్ర వేరుగా ఉండేదని అంగీకరించాడు. సంవత్సరంన్నర గడవకముందే, 1912 మే 30న, విల్బర్ విషజ్వరంతో 45వ ఏట డేటన్‌లో అస్తమించాడు. అతడు పెళ్లి చేసుకోలేదు. జీవితమంతా ఒక్క ప్రశ్నకే అంకితం చేశాడు.

శిష్యుని చేతిలో ఓడిపోవడమే గురువుకు నిజమైన గెలుపని మన పెద్దలు చెబుతారు. అది చెప్పినంత సులువు కాదని షనూట్ జీవితం తెలుపుతుంది. గురువును మించిన శిష్యునికి ఋణాన్ని ఒప్పుకోవడమూ అంత సులువు కాదని విల్బర్ జీవితం తెలుపుతుంది. రెక్కను మెలిత్రిప్పే రహస్యం షనూట్ నేర్పలేదు. అది విల్బర్ స్వయంకృషి ఫలం. షనూట్ ఇచ్చినది వేరు: పూర్వుల అనుభవాలు కూర్చిన పుస్తకం, అపరిచితునికి నాలుగు రోజులలో వ్రాసిన జవాబు, ఇసుక దిబ్బమీద ఒక భరోసా, చికాగోలో ఒక వేదిక. గాలిలోకి లేచినవాడు ఒంటరిగానే ఎగరాలి. కాని అతడు లేచేంతవరకు నేలమీద తోడు నిలిచినవాని ఋణం చిన్నది కాదు. ఆలస్యంగానైనా విల్బర్ ఆ ఋణాన్ని లోకం ఎదుట ఒప్పుకొన్నాడు. అతని కీర్తికి విమానం ఎంత కారణమో, అతని వ్యక్తిత్వానికి ఆ ఒప్పుకోలు అంత అలంకారం.